కయాక్ అడుగున పగులు: ప్లాస్టిక్ వెల్డింగ్ గన్ రివ్యూ, అమ్మకందారు జవాబు

నమస్కారం. వేడి గాలితో ప్లాస్టిక్‌ను కరిగించి అతికే ఈ వెల్డింగ్ గన్‌ను తయారీదారులు నాకు ఉచితంగా పంపారు. వీడియో కోసం డబ్బు తీసుకోలేదు. వాట్లు, బరువు వంటి వివరాలు మీరు చూసే ఉంటారు కనుక మళ్లీ చదవను. డిండి జలాశయంలో నేను నడిపే కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పాలిథిన్ పడవ) అడుగున పడిన పగులును ఇది అతకగలదా అన్నదే నా పరీక్ష.

పగులును దగ్గరగా చూడండి. సీటు పక్కన నీరు దిగిపోయే రంధ్రం అంచున మొదలై జానెడు దూరం సాగింది. రాయి గీరిన గుర్తు ఎక్కడా లేదు, పైగా బీట వెంట గోరు పెడితే ప్లాస్టిక్ అక్కడ పలచబడిందని తెలుస్తుంది. అయినా కయాక్ అమ్మినవారు ఫోటోలైనా తెరవకుండా "రాయికి కొట్టి ఉంటారు, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే గట్టి జిగురు) పూసుకోండి" అన్నారు. ఆ రెండో మాటకే నాకు కోపం వచ్చింది. పాలిథిన్ ఉపరితలం మైనంలా ఉంటుంది, మామూలు ఎపాక్సీ దాన్ని పట్టుకోక పెచ్చులా ఊడిపోతుంది. ఆ అతుకును నమ్మి లోతు నీళ్లలోకి వెళ్లేది కొన్నవారే కదా!

ఇక గన్ విషయం. ఇందులో నాకు ఎంతో నచ్చింది ఉష్ణోగ్రతను సరిచేసే నాబ్. ఇంతకు ముందు వాడిన సోల్డరింగ్ ఐరన్ తరహా పరికరానికి ఈ సౌకర్యం లేక ప్లాస్టిక్ పొగలు కక్కి, మాడి, పెళుసుబారింది. పాలిథిన్ సుమారు 130 డిగ్రీల వద్ద కరుగుతుంది, కానీ గాలి దారిలో చల్లారుతుంది కనుక నాజిల్ దగ్గర 300 డిగ్రీల వరకు పెట్టాను. ముందుగా బీట పాకకుండా దాని కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, పగులు వెంట వి ఆకారపు గాడి చెక్కి, గాడిని నింపే ప్లాస్టిక్ రాడ్డూ గాడీ రెండూ ఒకేసారి మెరుపు తేలేదాకా వేడిచేసి, రాడ్డును నొక్కుతూ సాగాను. మెరుపు రాకముందే నొక్కితే రాడ్డు పైనే కూర్చుని తర్వాత లేచిపోతుంది. చల్లారాక లోపల నీళ్లు పోసి చూస్తే, బయట ఒక్క చుక్కా దిగలేదు.

అమ్మకందారుకు బిల్లు, ఫోటోలు జతచేసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ చెప్పాను. ఆ తర్వాతే వారు కయాక్‌కు వాడిన అదే ప్లాస్టిక్ రాడ్లు పంపారు, పడవ మార్పిడికి మాత్రం ఒప్పుకోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. నేను నల్లగొండలో ఆ ఫిర్యాదు వేయబోతున్నాను.

గన్ కొనవచ్చు. పెట్టెలో వచ్చిన రాడ్లను మాత్రం వాడకండి: ఏ ప్లాస్టిక్ అన్నది వాటి మీద రాయలేదు, అదే రకం కాకపోతే అతుకు నిలవదు. కయాక్ కొనేముందు అది క్రాస్ లింక్డ్ పాలిథినా (అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిన రకం) కాదా అని అమ్మేవారిని అడగండి, ఆ రకమైతే ఈ గన్‌తో కరగదు.