కొత్త రంగు కింద పాత బ్రేకు పైపులు

మిత్రులందరికీ నమస్కారం.

పాత పికప్ ట్రక్కు కొని బాగుచేయించుకున్న వారిని డబ్బు దేనికి పోశారని అడిగితే ఇంజిను, రంగు, బంపర్లకు క్రోమ్ పూత, సీట్లు అంటూ వరసగా చెబుతారు. ఛాసిస్ పక్కన దుమ్ములో పాకుతూ వెళ్లే ఆ సన్నటి ఉక్కు పైపుల పేరెత్తేవారు తక్కువ. ఈ గదిలో చాలామంది డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు చేసేవారే. బ్రేకుల డిజైను కంప్యూటర్ తెర మీద చూడని వారు ఉండరు. చేతికి బ్రేకు ఆయిల్ అంటిన వారు ఎందరన్నది మాత్రం నాకు అనుమానమే. అందుకే ఈ పూట లెక్కలు కొంచెం, చేతిపని ఎక్కువగా చెబుతాను.

నేను ఎదురుగా పెట్టుకుని మాట్లాడే బండి 1966 షెవర్లే సీ-10 పికప్. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. డ్రైవరు ముందున్న గోడకు ఇంజిను వైపున ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే సిలిండర్. అక్కడి నుంచి బయలుదేరే ఆయిలే నాలుగు చక్రాలకూ పంచుకుని పోతుంది. అంటే ఎక్కడో వెనక కుడి చక్రం దగ్గర పైపుకు సూది మొనంత చిల్లు పడినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు చిన్న లెక్క. మీ కాలు పెడల్ మీద వంద పౌండ్ల బరువు వేసిందనుకుందాం. పెడల్ ఆ బలాన్ని ఆరింతలు చేస్తే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద ఆరు వందల పౌండ్లు పడతాయి. అంగుళం వ్యాసం ఉన్న పిస్టన్‌కు వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు. భాగిస్తే పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి 760 పౌండ్ల పైచిలుకు. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చి భయంతో తొక్కినప్పుడు అది వెయ్యి దాటడం పెద్ద విషయం కాదు. దాన్ని మోసే పైపు వెలుపలి వ్యాసం మూడు బై పదహారు అంగుళాలు, అంటే ఐదు మిల్లీమీటర్లు కూడా కాదు. గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. రోజూ మెల్లగా నడిపే బండిలో సగం తిన్న పైపు కూడా ఏళ్ల తరబడి పనిచేసినట్టే కనిపిస్తుంది. అది పగిలేది ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువైన క్షణంలో, అంటే బ్రేకు మీకు నిజంగా కావాల్సిన క్షణంలో. ‘ఇన్నాళ్లూ బాగానే ఆగింది కదా’ అనే వాదనను నేను లెక్కలోకి తీసుకోనిది ఇందుకే.

తుప్పు సంగతి మిషిగన్‌లో ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. చలికాలంలో రోడ్ల మీద చల్లిన ఉప్పంతా బండి అడుగుభాగానికి ఎగిసి అంటుకుంటుంది. పైపు బయటికి కనిపించే చోట తుప్పు పైపైన ఉంటుంది. క్లిప్పు కింద, బురద నిలిచే మూలల్లో మాత్రం గుంటలు గుంటలుగా లోపలికి తింటుంది. చూడాల్సింది అక్కడ. క్లిప్పు విప్పకుండా పైపును పరీక్షించామనేవారు సగమే చూసినట్టు. విశాఖపట్నం సముద్రపు గాలిలో పెరిగిన వారికి ఈ ఉప్పు తుప్పు కొత్తేమీ కాదు. ఇక్కడ అది రోడ్డు మీది నుంచి వస్తుంది, అంతే తేడా.

ఇది పాత బండ్ల సమస్య మాత్రమే కాదు. 1999 నుంచి 2003 వరకు వచ్చిన జీఎం (షెవర్లే తయారుచేసే జనరల్ మోటార్స్) పికప్పులు, ఎస్‌యూవీల బ్రేకు పైపుల తుప్పు మీద అమెరికా ప్రభుత్వ హైవే భద్రతా సంస్థ దర్యాప్తు చేసి, 2015లో రీకాల్ లేకుండానే ముగించింది. ఉప్పు చల్లే రాష్ట్రాల వారు బండి కింది భాగం కడుక్కోవాలనీ, పొరలు లేచేంత తుప్పు కనిపిస్తే పైపుల సెట్టు మొత్తం మార్చుకోవాలనీ సలహా ఇచ్చింది. ఆ ‘మొత్తం’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కారిన చోట జానెడు ముక్క కోసి, రెండు కంప్రెషన్ ఫిట్టింగులతో, అంటే నట్టు బిగిస్తే లోపలి రింగు పైపును నొక్కి పట్టే జాయింట్లతో, అతికి పంపించే షెడ్లు ఉన్నాయి. వంటింటి నీటి గొట్టానికి ఆ పద్ధతి సరిపోతుంది. బ్రేకు పైపుకు అది కూడని పని. పైగా ఒకచోట చిల్లు పడేంత తుప్పు పట్టిన పైపుకు మిగతా పొడవంతా అదే వయసు.

ఇక విప్పడం. పాత పైపును విప్పేముందు ఫొటోలు తీసుకోండి. వీలైనంత వంపు చెడకుండా బయటికి తీసి దాచండి, కొత్తదానికి అదే కొలత. నట్టు విప్పడానికి మామూలు పానా పట్టకండి. పైపు దూరేంత సందు మాత్రమే వదిలి, నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా ఉంటుంది, అది కొనండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి ఉంచండి. అయినా కదలకపోతే మొండికేయవద్దు. ఆ పైపు ఎలాగూ పారేసేదే కాబట్టి నట్టు పక్కన కోసేసి, ఆరు మూలల సాకెట్‌తో విప్పండి. చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ మరలు దెబ్బతినకుండా ఉండటం ముఖ్యం.

కొత్త పైపు దేనితో? బండితో వచ్చినది రాగి పూసిన ఉక్కు రేకును రెండు చుట్లు చుట్టి, కొలిమిలో ఆ రాగి కరిగి పొరలు అతుక్కునేలా చేసిన పైపు. బలమైనది, చౌకైనది, తుప్పుకు లొంగేది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, కానీ ఇంట్లో దాని అంచు విప్పార్చి, చుక్క కారకుండా కూర్చోబెట్టడానికి చాలా ఓపిక కావాలి. వట్టి రాగి వద్దే వద్దు. బండి అదురుకు అది గట్టిపడి బీటలిస్తుంది. నా ఓటు రాగి-నికెల్ పైపుకు. తొంభై పాళ్లు రాగి, పది పాళ్లు నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీసు. వోల్వో కంపెనీ 1970లలోనే దీన్ని తన కార్లలో వాడటం మొదలుపెట్టింది. చేత్తో వంగుతుంది, ఉప్పుకు చలించదు. ప్రదర్శనలకు వెళ్లే వారిలో కొందరు దాని రాగి ఛాయ చూసి ‘అసలుది ఇలా ఉండదు’ అని ముఖం చిట్లిస్తారు. వారితో నాకు పేచీ లేదు, వారి ట్రక్కు ట్రైలరు మీద ఎక్కి వెళుతుంది. మీది రోడ్డు మీద వెళుతుంది.

అసలు పనితనమంతా పైపు కొసలో ఉంది. చాలామంది మరలే ఆయిల్‌ను ఆపుతాయనుకుని తెల్ల టేపు చుడతారు. మరల పని బిగించి పట్టడం వరకే. ఆయిల్‌ను ఆపేది విప్పారిన పైపు అంచు, ఎదురుగా ఉన్న ఇత్తడి పీట. లోహం లోహానికి ఒత్తుకుని ఆపుతుంది. టేపు ముక్క ఊడి లోపలికి పోతే అది సన్నటి దారుల్లో ఎక్కడ ఇరుక్కుంటుందో దేవుడికే తెలియాలి. ఆ అంచును ఒక పొరగా విప్పారిస్తే ఇంత ఒత్తిడికి చీలిపోతుంది. చీర అంచు మడిచి కుట్టినట్టు దాన్ని లోపలికి మడిచి రెండు పొరలు చేయాలి. దీన్నే డబుల్ ఫ్లేర్ అంటారు. ఈ బండికి కావలసినది 45 డిగ్రీల వాలు ఉన్నది. ఈ కాలపు బండ్లలో కొన్నిటికి ఉండే గుబ్బ ఆకారపు ఫ్లేర్ దీనికి కూర్చోదు.

చేసే పద్ధతి ఇదీ. పైపును రంపంతో కోయవద్దు, పొడి లోపలికి పోతుంది. చుట్టూ తిప్పి కోసే చిన్న కట్టరు వాడండి. తిప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెమే బిగించండి, తొందరపడితే కొస నొక్కుకుపోయి గుండ్రతనం పోతుంది. కోసిన కొసను ఆకురాయితో నిటారుగా, చదునుగా రాయండి. లోపలి అంచున లేచిన గరుకును తీసేయండి, బయటి అంచును కాస్త వాలుగా రాయండి. గాలితో ఊది శుభ్రం చేయండి. ఇప్పుడు నట్టును పైపుకు ఎక్కించండి. ఈ ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసి వైస్ పైన గోడకు అంటించుకోండి. ఫ్లేర్ అయిపోయాక నట్టు ఎక్కదు.

తర్వాత పైపును ఫ్లేర్ సెట్టులోని బార్‌లో, అంటే పైపును పట్టి ఉంచే పట్టీలో, బిగించాలి. కొస ఎంత పైకి ఉండాలో చెప్పేది ఆ సెట్టులోని అడాప్టర్ అనే మొన ఉన్న చిన్న ముక్కే. దాని అంచు ఎంత మందం ఉందో అంత. తక్కువైతే మడత పూర్తిగా రాదు, ఎక్కువైతే అంచు ఒక పక్కకు ఒరుగుతుంది. అడాప్టర్ మొనకు చుక్క బ్రేకు ఆయిల్ రాసి కొసలో దించి నొక్కితే పైపు మూతి ఉబ్బి లోపలికి ముడుచుకుంటుంది. అడాప్టర్ తీసేసి శంకువు మొనతో రెండోసారి నొక్కితే మడత వెనక్కి ఒరిగి వాలుగా కూర్చుంటుంది. ఇప్పుడు వెలుతురులో పెట్టి చూడండి. అంచు చుట్టూ ఒకే వెడల్పు ఉండాలి. రంధ్రం నట్టనడుమ ఉండాలి. గీత, చీలిక, అడాప్టర్ జారిన మచ్చ ఉండకూడదు. ఏ కొంచెం అనుమానం ఉన్నా కోసి పారేసి మళ్లీ చేయండి. అంగుళం పైపు ఖరీదు ఎంత? చాలాసార్లు ఫ్లేర్ వంకరపోయేది బార్ బిగువు చాలక పైపు కిందికి జారడం వల్లే. ఐదు డాలర్ల తేడా చూసి చవక సెట్టు కొంటే దక్కేది ఇదే.

పైపును వేసే దారిలో కంపెనీ వాడి దారినే అనుసరించండి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా, కదిలే భాగాలకు తగలకుండా, పాత క్లిప్పులున్న చోటల్లా క్లిప్పులతో. రాళ్లు ఎగిసే చోట స్ప్రింగు కవచం తొడగండి. నట్టును మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు రాకపోతే పైపు వంపు తప్పు, పానా దాన్ని సరిచేయదు. ఛాసిస్‌కూ చక్రాలకూ మధ్య రబ్బరు హోసులను పాతవే ఉంచాలన్న పొదుపు వద్దు. లోపలి రబ్బరు ఉబ్బితే ఒత్తిడి వెళుతుంది కానీ తిరిగి రాదు, బ్రేకు పట్టుకుని వదలదు. ముందు హోసును కొత్త రాగి వాషరుతో వీల్ సిలిండర్‌కు బిగించాకే రెండో కొసను ఛాసిస్ బ్రాకెట్‌లో క్లిప్పు చేయండి. స్టీరింగును ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పి హోసు మెలిపడటం లేదని చూసుకోండి.

ఇప్పుడు నా మొండిపట్టు దగ్గరికి వద్దాం. 1967 మోడల్ నుంచి షెవర్లే పికప్పులకు రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి. కార్లకైతే 1968 నుంచి సమాఖ్య నిబంధనగానే వచ్చింది. ఒక దారి పోతే పెడల్ కిందికి దిగుతుంది, బండి ఆలస్యంగా ఆగుతుంది, కానీ ఆగుతుంది. పైపులన్నీ ఎలాగూ నేల మీద ఉన్నప్పుడు 1966 బండికి ఆ జంట ఏర్పాటు చేసుకోకపోవడానికి నాకు కారణం కనిపించదు. అదనంగా కావలసింది తగిన సిలిండర్, ఒక పైపు, ముందువీ వెనకవీ వేరుచేసే జంక్షను. అసలుదనం పోతుందని బాధపడేవారు పాత సిలిండర్‌ను అట్టపెట్టెలో దాచుకోవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. డ్రమ్ములకు పైపులో చదరపు అంగుళానికి సుమారు పది పౌండ్ల ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న కవాటం కావాలి. ముందు చక్రాలకు డిస్కులు వేసుకుంటే ఆ దారిలో అది ఉండకూడదు, ఉంటే బ్రేకులు రాసుకుంటూనే ఉంటాయి.

ఆయిల్ ఎంపికకు కూడా ఇదే అదను. బ్రేకు ఆయిల్ రకాలను డాట్ 3, 4, 5 అని పిలుస్తారు. మామూలు డాట్ 3 ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదానికి 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగు రావాలని ప్రమాణం, తేమ పట్టినదానికి 140 మాత్రమే. పైగా రంగు మీద పడితే తినేస్తుంది. సిలికాన్ డాట్ 5 తేమ పీల్చదు, రంగును ముట్టదు. కానీ మిగతా వాటితో కలవదు, గాలి బుడగలను త్వరగా వదలదు. దానికి మారాలంటే పైపులు, రబ్బర్లు అన్నీ కొత్తవైన ఇలాంటి సమయంలోనే మారాలి. ఏడాదంతా షెడ్డులో ఉండే బండికి అది సరే. నడిపే బండికి నేను డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోసి, రెండేళ్లకోసారి మార్చమంటాను.

పాత అంబాసిడర్ నడిపిన వారికి పెడల్‌ను రెండు మూడు సార్లు కొడితే గానీ బ్రేకు అందని రోజులు గుర్తుండే ఉంటాయి. మన మెకానిక్కులు పైపుల్లో ఎయిర్ పట్టిందనేవారు. కొన్నిసార్లు అది ఎయిర్ కాదు, డ్రమ్ములో లైనింగులు దూరంగా ఉండటం. కాబట్టి ముందు లైనింగులను సర్దండి. మాస్టర్ సిలిండర్‌లోని గాలిని బల్ల మీదే తీసేయండి. తర్వాత పైపుల్లోని గాలి తీయాలి, మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక కుడి చక్రంతో మొదలుపెట్టి వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఒకరు వీల్ సిలిండర్ మీది గాలి వదిలే నిపుల్ వదులు చేసి, బుడగలు వచ్చాక బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. ఇంట్లో వారిని సాయం పిలిచినప్పుడు ఈ క్రమం ముందే మాట్లాడుకోండి, లేకపోతే గాలితో పాటు మాటలు కూడా బయటికి వస్తాయి.

చివరగా, బండి నిలబడి ఉండగానే పెడల్‌ను బలంగా తొక్కి నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ పిస్టన్‌ను దాటిపోతోంది. ప్రతి జాయింటు చుట్టూ పొడి కాగితం తిప్పి తడి ఉందేమో చూడండి. తర్వాత ఖాళీ స్థలంలో నడక వేగంతో ఆపి చూడండి. వారం తర్వాత అవే జాయింట్లను మళ్లీ కాగితంతో తుడవండి.

వెనక బల్ల మీద పైపు ముక్కలు, ఫ్లేర్ బార్‌లు రెండు పెట్టాను. ప్రశ్నలు అక్కడే అడగండి, చేస్తూ జవాబు చెబుతాను. కళ్లద్దాలు పెట్టుకోండి. ప్రతి ఒక్కరూ ఒక కొస చేసి, నిలువునా కోసి, లోపలి మడత ఎలా కూర్చుందో చూసి వెళ్లండి.