ముల్లు ఆగినంత మాత్రాన ఆమె దొంగ కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, విశ్వవిద్యాలయం మైదానంలో నడక ముగించుకుని చెమట ఆరకముందే వచ్చి కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. నిర్వాహకులు నన్ను ‘సమతులాహారం’ గురించి మాట్లాడమన్నారు. పోషకాహార పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి ఆ అంశం ఇచ్చారు. క్షమించాలి, ఈ రోజు నేను దాని గురించి మాట్లాడను. తిండి తగ్గించి, కొన్నాళ్లు బరువు తగ్గి, ఆ తర్వాత ఎంత కడుపు మాడ్చుకున్నా బరువు యంత్రం ముల్లు కదలని మనిషి గురించి మాట్లాడతాను. ఆ మనిషితో మనం ప్రవర్తించే తీరు గురించి కూడా.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. నన్ను అత్తా అని పిలుస్తుంది. ప్రైవేటు బడిలో టీచరు. రెండో కాన్పు తర్వాత బరువు 82 కిలోలకు చేరింది. బరువు తగ్గిస్తామనే ఒక కేంద్రంలో చేరితే రోజుకు 800 క్యాలరీల పట్టిక చేతికిచ్చారు. పొద్దున చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం ఒక పుల్కా, కాస్త కూర. సాయంత్రం కీరా ముక్కలు. రాత్రికి పలుచటి రాగి జావ. అంతే. మూడు నెలల్లో 75 కిలోలకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. నెల గడిచినా అదే అంకె.

ఆ కేంద్రంలో సోమవారం సోమవారం అందరి ముందూ బరువు చూసి, అంకె పైకి చదువుతారు. ఒక సోమవారం అక్కడి మనిషి ఆ అమ్మాయితో, “ఇంట్లో చాటుగా ఏదో తింటున్నారు, నిజం చెప్పండి” అన్నాడు. పదిమంది ముందు. ఆ మాట ఆమె కంటే ముందు ఇంటికి చేరింది. కొండ మీది నుంచి ఎవరో తెచ్చిన లడ్డూ ప్రసాదం ఎంత మిగిలిందో భర్త డబ్బా మూత తీసి చూడడం మొదలుపెట్టాడు. పిల్లలు వదిలేసిన అన్నం పళ్లెం తీస్తుంటే అత్తగారు వెనకే వచ్చి నిలబడేది. ఆ అమ్మాయి ఏం చేసింది? రాత్రి జావ కూడా మానేసింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. తిరుపతి ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కరలేదు. మేం తడిగుడ్డలు కిటికీలకు కట్టుకుని కూర్చుని ఉన్నాం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, “అత్తా, ఫ్యాను ఆపేస్తారా, చలిగా ఉంది” అంది. చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్లు చల్లగా ఉన్నాయి. గోళ్లు పాలిపోయి ఉన్నాయి. దువ్వెన పెడితే జుట్టు ఉండలుగా వస్తోందని, నెలసరి రెండు నెలలుగా రావడం లేదని మెల్లగా చెప్పింది. సందు చివరి కొట్టుకు కూడా పిల్లవాణ్ణే పంపిస్తోందట. “లేవాలంటే ఒళ్లు రావడం లేదు అత్తా” అంది.

ఆ చలి మాట దగ్గర కొంచెం ఆగుతాను.

1944 చివర్లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆకలితో శుష్కించిన యూరప్ ప్రజలకు మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి. యుద్ధంలో ఆయుధం పట్టనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తామే ముందుకొచ్చారు. ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 క్యాలరీలు. రొట్టె, బంగాళదుంపలు, టర్నిప్, మాకరోనీ. వారానికి 22 మైళ్ల నడక. నిబంధన మీరి తిన్నవాళ్లతో సహా నలుగురిని లెక్కల్లోంచి తప్పించారు. మిగిలిన 32 మంది తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. మొదట్లో గబగబా తగ్గారు, చివరి వారాలకు వచ్చేసరికి తగ్గుదల బాగా నెమ్మదించింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. అందులో కొంత ఒళ్లు చిన్నదైనందువల్ల, మిగతాది శరీరం చేసుకున్న పొదుపు. ఆ యువకులు నడివేసవిలో చలి అన్నారు. దుప్పట్లు కప్పుకున్నారు. పగలంతా తిండి మాటలే, వంటల పుస్తకాలే. మా వీధి అమ్మాయి కూడా రాత్రిళ్లు ఫోనులో వంటల వీడియోలు చూస్తూ పడుకునేది. చాటుగా తినే మనిషి లక్షణం అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అవి ఆకలితో ఉన్న మనిషి లక్షణాలు.

ఇంకొంచెం దగ్గరకు వద్దాం. మన సీమలో ధాత కరువు మాట వినని పెద్దవాళ్లు ఉండరు. 1876 నుంచి 78 వరకు. అప్పటికి చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనిలో రాళ్లు మోసే కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని కూలి కోశాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. పప్పూ కూరలూ లేని ఆ కాస్త గింజలతో మనిషి పని చేయలేడని, చచ్చిపోతాడని వాదించాడు. 450 గ్రాముల బియ్యం అంటే సుమారు 1,600 క్యాలరీలు. ఆనాడు ఒక వైద్యుడు అన్యాయం అని నోరు విప్పిన కొలత అది. మిన్నెసోటాలో ‘అర్ధాకలి’ అని పేరు పెట్టిన కొలత కూడా ఇంచుమించు అంతే. దానిలో సగం ఇచ్చి, ఈ అమ్మాయిని తగ్గలేదని నిలదీశారు!

వైద్యుల పర్యవేక్షణలో, రక్త పరీక్షలు చేస్తూ, కొద్ది నెలలు ఇంత తక్కువ ఆహారం ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. అది వేరు. చేతిలో కాగితం పెట్టి పంపేయడం వేరు.

సరే, ముల్లు ఎందుకు ఆగుతుంది? మొదటి వారాల్లో తగ్గేదంతా కొవ్వు కాదు. కండల్లో, కాలేయంలో గ్లైకోజన్ అనే పిండి నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రామునూ అంటుకుని మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది. నిల్వ కరిగితే నీరూ పోతుంది, మనం మురిసిపోతాం. ఆ వేగం ఎవరికీ నిలవదు. తర్వాత ఒళ్లు చిన్నదవుతుంది, చిన్న ఒంటికి తక్కువ ఇంధనం చాలు. నిన్న తగ్గడానికి సరిపోయిన భోజనమే ఈ రోజు ఉన్న బరువును నిలబెట్టే భోజనం అవుతుంది. ప్రోటీన్ లేని తిండి అయితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పైగా మనకు తెలియకుండానే కదలిక తగ్గుతుంది. కాళ్లు ఆడించడం, లేచి తిరగడం, కొట్టుకు వెళ్లి రావడం, అన్నీ. ‘లేవాలంటే ఒళ్లు రావడం లేదు’ అన్నదే అది. బద్ధకం అనకండి.

ఆకలి సంగతి ఇంకా పెద్దది. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో కనుక్కున్నారు. కొవ్వు తగ్గితే అదీ తగ్గి, మెదడుకు కరువు వార్త చేరుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ మార్పులు అలాగే ఉన్నాయని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం లెక్క ప్రకారం, ఒక కిలో తగ్గితే ఒంటి ఖర్చు రోజుకు ఇరవై, ముప్ఫై క్యాలరీలు పడిపోతుంది. ఆకలి మాత్రం దాదాపు వంద క్యాలరీలు పెరుగుతుంది. ఏడు కిలోలు తగ్గిన అమ్మాయి ఎంత ఆకలిని మోస్తోందో మీరే లెక్క వేసుకోండి. ఎవరినో తిట్టే ముందు ఆ లెక్క వేసుకోండి.

అయితే ఒక మాట దాచను. ‘ఒళ్లు మొండికేసింది, ఇక ఏం తినకపోయినా తగ్గదు’ అనే మాట నిజం కాదు. మిన్నెసోటా వాళ్లు తగ్గుతూనే ఉన్నారు. 1992లో అమెరికాలో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్న పదిమందిని పరీక్షిస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారని తేలింది. అబద్ధమాడాలని చెప్పారని నేను అనుకోను. మన వంటింట్లోనే చూడండి. తాలింపుకు గరిటెతో నూనె వంచుతాం, చెంచాతో కొలవం. పెద్ద చెంచాడు నూనె 120 క్యాలరీలు. సంగటిలోకి వేరుశెనగల ఊరుబిండి నాలుగు వేళ్లతో తీసుకుంటాం. గుప్పెడు వేరుశెనగలు 170 క్యాలరీలు. రాసుకునే పుస్తకంలో ‘సంగటి, ఊరుబిండి’ అని మాత్రమే ఉంటుంది. కొలవడం నేర్పాల్సిన చోట దొంగ అనడం ఎందుకు? నాకు కోపం వచ్చేది అక్కడే. పొరపాటు లెక్కకు, మోసానికి తేడా తెలియనివాళ్లు మనుషుల ఒళ్లతో పని పెట్టుకోకూడదు.

ఇక్కడ రాత్రి భోజనం మానేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది. ఎత్తినవాళ్లలో ఎక్కువ మంది మా అక్కచెల్లెళ్లే.

ముల్లు ఆగితే కంచంలో మళ్లీ కోత పెట్టకండి. ముందు రెండు మూడు వారాలు చూడండి. నెలసరి ముందు ఒంట్లో చేరే నీరే కిలో, రెండు కిలోలు చూపిస్తుంది. టేపు తీసుకుని నడుము కొలవండి. మన ప్రాంతపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలి. ఒక వారం నూనె, గింజలు, కాఫీలో చక్కెర కొలిచి రాయండి. పప్పు, ఉలవలు, గుడ్డు, పెరుగు పెంచండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చెబుతుంది. తగ్గే రోజుల్లో ఒక గ్రాముకు తక్కువ కాకుండా చూసుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి. నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే వారానికి రెండు రోజులైనా బరువులు ఎత్తాలి. నీళ్ల సీసాలు చాలు. అలసట, చలి, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. కొన్ని వారాలు ఉన్న బరువులోనే ఉండిపోవడం ఓటమి ఏమీ కాదు.

అసలు ఆ అమ్మాయి 82 నుంచి 75కి రావడం ఎంత పెద్ద పని! ఎనిమిది శాతం పైనే. అయిదు శాతం తగ్గితేనే చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయని వైద్యం చెబుతోంది. గెలిచిన మనిషిని పట్టుకుని పదిమందిలో దొంగ అన్నారు. డాక్టరు దగ్గరకు నేనే తీసుకువెళ్లాను. రక్తం తక్కువగా ఉంది. మందులు వాడుతూ మూడు పూటలా తినడం మొదలుపెట్టింది. బరువు 76 అయింది, ఇంట్లో మళ్లీ గొడవ. అప్పుడు భర్తను పిలిచి గంటసేపు కూర్చోబెట్టి, ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను. నెలసరి తిరిగి వచ్చింది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. గేటు పక్కన మీ బల్ల మీద ఒక బోర్డు ఉంది. నెలనెలా సభ్యుల పేర్లు, పక్కన కిలోలు, ఎక్కువ తగ్గినవారికి బహుమతి. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, తెలుసు. వస్తూ చూశాను. ఆ బోర్డులో కింది నాలుగు పేర్లూ ఆడవాళ్లవే. వాళ్లలో ఇద్దరు ఈ రోజు సభకు రాలేదు. దయచేసి సభ ముగిశాక ఆ బోర్డు తీసేయండి. ఆ ఇద్దరి ఇళ్లకు ఎవరైనా వెళ్లి, రేపటి నుంచి నడకకు రమ్మని పిలవండి. నేనూ వస్తాను.