పీఐడీని ముట్టుకోకండి! ఐడిల్ ఊగడానికి అసలు దొంగ వేరే ఉన్నాడు

ఆగండి! ల్యాప్‌టాప్ తెరిచి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) పీఐడీ గెయిన్ల మీద, అంటే ఆ ఆర్‌పీఎంని నిలబెట్టే కంట్రోల్ సెట్టింగుల మీద, చెయ్యి వేశారా? తీసేయండి. బయటి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టిన బండి ఐడిల్‌లో హంటింగ్ కొడుతోందంటే, ఆర్‌పీఎం 700కి పడి 1300కి లేచి మళ్లీ పడుతోందంటే, అందరూ చెప్పేది ఒకటే మాట: "పీఐడీ సెట్ చెయ్యి." నేను ఒప్పుకోను. తప్పు ఫ్యూయల్‌లో ఉంది. ఇంకా సూటిగా చెప్పాలంటే ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే వాల్వ్) డెడ్ టైమ్‌లో ఉంది!

లెక్క చూడండి. ఈసీయూ కరెంటు ఇవ్వగానే ఇంజెక్టర్ తెరుచుకోదు. 14 వోల్టుల దగ్గర సుమారు 1 మిల్లీసెకను దానికే పోతుంది. అదే డెడ్ టైమ్. ఐడిల్‌లో పల్స్ (ఇంజెక్టర్‌కి కరెంటు ఇచ్చే సమయం) మొత్తం 2 మిల్లీసెకన్లు అనుకుందాం. అంటే పెట్రోలు నిజంగా పడేది 1 మిల్లీసెకనే. డెడ్ టైమ్‌లో 0.2 తేడా వచ్చిందా, ఫ్యూయల్ 20 శాతం తప్పినట్టే! అదే 0.2 ఫుల్ థ్రాటిల్‌లో, 12 మిల్లీసెకన్ల పల్స్‌లో, 2 శాతం కూడా కాదు. అందుకే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పులిలా ఉరికిన బండి సిగ్నల్ దగ్గర చచ్చిపోతుంది. పెద్ద ఇంజెక్టర్లు వేశారంటే పల్స్ ఇంకా చిన్నదై తేడా ఇంకా పెరుగుతుంది.

"వీఈ టేబుల్‌లో (ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో ఈసీయూకి చెప్పే పట్టిక) సర్దేశాం కదా" అంటారు. మీరు సర్దింది ఆ ఒక్క వోల్టేజీకి! రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే వోల్టేజీ 14 నుంచి 12.5కి జారుతుంది. ఇంజెక్టర్ ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటుంది. మిక్స్చర్ లీన్ అవుతుంది (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ), ఆర్‌పీఎం పడుతుంది, ఆల్టర్నేటర్ నెమ్మదిస్తుంది, వోల్టేజీ మరింత జారుతుంది. ఇప్పుడు పీఐడీ కంగారుపడి, గాలి ఇచ్చే ఐడిల్ వాల్వ్ తెరుస్తుంది. ఆ గాలి మ్యానిఫోల్డ్ నిండి సిలిండర్‌కి చేరేసరికి ఆలస్యమైపోతుంది, ఆర్‌పీఎం హద్దు దాటి లేస్తుంది. ఊగుడు మొదలు! ఇందులో పీఐడీ చేసిన పాపం ఏముంది?

నమ్మకపోతే పరీక్షించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక క్లోజ్డ్ లూప్ ఐడిల్ (అంటే ఆ పీఐడీ) ఆఫ్ చేయండి, ఆక్సిజన్ కరెక్షన్ (సెన్సర్ చూసి మిక్స్చర్ సర్దడం) ఆఫ్ చేయండి. ఐడిల్ వాల్వ్ డ్యూటీని, అంటే అది ఎంత తెరుచుకోవాలో, ఒక్క అంకె దగ్గర కట్టేయండి. టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) 15 డిగ్రీల దగ్గర లాక్ చేయండి. ఇంకా ఊగుతోందా? ఆపేసిన పీఐడీ ఊపుతోందని ఎలా అంటారు? ఒక్క మాట, ముందు గాలి లీకులు చూసుకోండి. ఓవర్‌రన్ ఫ్యూయల్ కట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు ఆపేయడం) ఐడిల్‌కి మరీ దగ్గరగా పెట్టుంటే అది కూడా ఇలాగే ఊపుతుంది.

పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) సంగతి కూడా చెప్పాలి, దీని మీద నాకు నిజంగా కోపం. నా బండిని ఒక ట్యూనర్ 1300 ఐడిల్‌తో చేతికిచ్చి "పెద్ద క్యామ్ కదా, ఇంతే" అన్నాడు. ఇంతే ఏంటి? పెద్ద క్యామ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు కాసేపు రెండూ తెరిచి ఉంటాయి. మండని గాలి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్) దాన్ని చూసి లీన్ అని చెబుతుంది. ఆయన ఆ అంకెను నమ్మి పెట్రోలు పోస్తూ పోయాడు, ప్లగ్గులు మసి పట్టి నల్లబడిపోయాయి. అలాంటి చోట మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) చూడాలి! అదే ఆర్‌పీఎం దగ్గర మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఏ మిక్స్చర్‌లో అన్నిటికంటే తగ్గుతుందో, ఇంజిన్ అడుగుతున్నది అదే.

నేను చేసింది చెబుతాను. లాగింగ్ పెట్టి, ఫ్యాన్, హెడ్‌లైట్లు ఆన్ చేశాను. వోల్టేజీ గీత కిందికి దిగిన ప్రతిసారీ మిక్స్చర్ గీత లీన్‌కి పాకింది. డెడ్ టైమ్ టేబుల్‌లో 12 వోల్టుల గడి కొంచెం కొంచెం పెంచుతూ వెళ్లాను. ఒక చోట మిక్స్చర్ గీత కదలడం మానేసింది. ఫ్యాన్ వేసినా, తీసినా కదల్లేదు! 1300 దగ్గర ఊగిన బండి 900 దగ్గర నిలబడింది. పీఐడీ అప్పటికి ఇంకా ఆఫ్‌లోనే ఉంది.