మిలటరీ జనరేటర్ కొన్నారా? ముందు సెల్ఫ్ కొట్టకండి

అందరికీ నమస్కారం. నా వెనకాల రెండు చక్రాల ట్రైలర్ మీద ఆకుపచ్చగా కనిపిస్తోంది చూశారా, అదే ఈరోజు మన పేషెంటు. మిలటరీ వాళ్లు తీసేసిన డీజిల్ జనరేటర్. 10 కేవీఏ, త్రీ ఫేజ్. సోంపేట వైపు రొయ్యల చెరువులున్న ఒక బాబాయి దీన్ని ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొని, నిన్న మన విజయనగరం షెడ్డుకి లారీలో తెచ్చారు. దించుతుండగానే సంబరంగా మీటరు చూపించారు. "మేస్త్రీ, 410 గంటలే తిరిగింది. కొత్తదే కదేటి?"

కాదు బాబాయ్. 410 గంటలు తిరగడం దాని గొప్ప కాదు, దాని జబ్బు. ఇరవై ఏళ్లలో 410 గంటలంటే ఏం జరిగి ఉంటుంది? అప్పుడప్పుడు ఒకరు వచ్చి స్టార్ట్ చేసి, లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి ఆపేసి ఉంటారు. రోజూ పెళ్లిళ్లకి తిరిగే సెట్టు అరిగిపోతుంది గానీ ఇలా పాడవదు.

ముందు ఇవి ఎక్కడి నుంచి వస్తాయో చెప్తాను. రక్షణ శాఖ, ప్రభుత్వ సంస్థలు వద్దనుకున్న సామాను చాలావరకు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో పోతుంది. 1964లో పెట్టిన సంస్థ అది. షరతు ఒక్కటే, ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా. కొన్నాక ఇంజన్ పట్టేసి ఉందని తెలిస్తే అడగడానికి ఎవరూ ఉండరు. పైగా గడువులోపు ఎత్తకపోతే అద్దె కట్టాలి. మన బాబాయిలాగా మధ్యలో వ్యాపారి దగ్గర కొంటే ధర కొంచెం ఎక్కువైనా, కళ్లతో చూసి కొనొచ్చు.

సరే, పనిలోకి వద్దాం. బ్యాటరీ కలిపి సెల్ఫ్ కొట్టాలని చెయ్యి ఉరుకుతుంది, నాకు తెలుసు. ఆగండి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, ఆ సిలిండర్లలో కాస్త ఇంజన్ ఆయిలు పోసి, ఒక పూట వదిలేయండి. తర్వాత ముందు పుల్లీకి పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరగకపోతే బలవంతం చెయ్యొద్దు, ఇంకో పూట ఆగండి. పాత ఇంజన్ ఆయిలు దింపేటప్పుడు మొదటి ధార చూడండి. నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి ముందు అవే వస్తాయి. డీజిల్ ట్యాంకులోది సీసాలోకి పట్టి ఎండలో పెట్టండి. ఇదిగో, కింద నీళ్లు, పైన డీజిల్, మధ్యలో నాచులాంటి జిగురు. నీళ్లూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులు ఇవి. ట్యాంకు కడగకుండా కొత్త ఫిల్టర్ వేస్తే వారంలో మూసుకుపోతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఫోను పక్కన పెట్టకుండా వినండి. డీజిల్ పంపు లోపల రాక్ అని ఒక కడ్డీ ఉంటుంది. ఇంజన్ స్పీడుని అదుపులో ఉంచే గవర్నర్ దాన్ని ముందుకీ వెనక్కీ జరిపి డీజిల్ ఎంత పోవాలో చూసుకుంటుంది. ఏళ్ల తరబడి కదలకపోతే పాత డీజిల్ బంకలా మారి రాక్ అక్కడే అంటుకుపోతుంది. అంటుకున్న చోటు ఫుల్ డీజిల్ దగ్గరైతే, స్టార్ట్ అయిన ఇంజన్ ఆగదు. స్పీడు పెరిగి పెరిగి ముక్కలయ్యే దాకా పోతుంది. తాళం తీస్తే ఆగుతుందిలే అనుకోకండి, ఇది పెట్రోలు బండి కాదు. గాలి ఆపాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఇలాగే అయితే గాలి వెళ్లే మూతికి గోనెసంచి అడ్డం పెట్టాను. మన ఊరి జూటు సంచే, గట్టిదే. సగం మింగేసింది! అందుకే ఎయిర్ క్లీనర్ విప్పి, మందపాటి చెక్క చేతిలో పట్టుకుని ఒక మనిషి నిలబడ్డాకే మొదటి స్టార్ట్. దానికంటే ముందు రాక్ వేలితో కదులుతోందో లేదో చూడాలి.

కరెంటు వైపు పని తక్కువే. కరెంటు పుట్టించే భాగం ఆల్టర్నేటర్, సముద్రపు గాలి తగిలితే చెమ్మ పీలుస్తుంది. వోల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్ వైర్లు విప్పేసి, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టండి. ఒక మెగ్ ఓమ్ కూడా రాకపోతే రెండు 100 వాట్ల బల్బులు లోపల వేలాడదీసి, పరదా కప్పి, రెండు రోజులు ఆరబెట్టండి. స్టార్టింగు 24 వోల్టులు, రెండు లారీ బ్యాటరీలు వరసగా కలిపితే చాలు.

అన్నట్టు, అమెరికా మిలటరీ సెట్ల వీడియోలు చూసి "ఎంఈపీ 003ఏ మనకి దొరుకుతుందా" అని చాలామంది అడుగుతున్నారు. మంచి సెట్టే, 10 కిలోవాట్లు. కానీ అది 1800 ఆర్‌పీఎమ్ మీద సెకనుకి 60 సైకిల్స్, అంటే 60 హెర్ట్జ్ కరెంటు ఇస్తుంది. మనది 1500, 50 సైకిల్స్. 60 మీద మన నీళ్ల మోటారు 20 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది, పంపు లాగే పవర్ మాత్రం 70 శాతం పైన పెరుగుతుంది. మోటారు కాలిపోతుంది. ఆ మోజు వదిలేయండి.

ఈ సెట్టు ఏం లాగుతుంది? 10 కేవీఏ అంటే 8 కిలోవాట్లు. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రి ఆగితే తెల్లారేసరికి పంట పైకి తేలుతుంది. ఒక హెచ్‌పీ ఏరేటర్లు ఆరు వేసుకోవచ్చు. ఒక్కసారిగా కాదు, ఒకటి అందుకున్నాక ఇంకోటి. స్టార్టింగులో మోటారు ఐదారు రెట్లు లాగుతుంది.

లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా మాత్రం ఈ షెడ్డు నుంచి నేను పంపను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానంలో రోజుల తరబడి చీకటే. స్తంభాలు పడిపోయి, లైన్‌మన్లు తీగల మీదే పని చేశారు. అలాంటప్పుడు జనరేటర్ వైరు నేరుగా ఇంటి సాకెట్లో గుచ్చితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి 11,000 వోల్టులవుతుంది. స్తంభం మీదున్న మనిషికి మీ జనరేటర్ సంగతి ఎలా తెలుస్తుంది?

చివరి పని, లోడు. సైలెన్సర్ దగ్గర బెల్లం పాకంలా నల్లగా కారుతోంది చూడండి. ఇది చూసి "పిస్టన్ రింగులు పోయాయి, సిలిండర్ బోరు చేయించాలి" అనే మెకానిక్కులు ఉన్నారు. అన్నిసార్లూ అది నిజం కాదు. లోడు లేక సిలిండర్ వేడెక్కక, కాలని డీజిల్ మసితో కలిసి కారేది ఇది. ముందు లోడు పెట్టి చూసి, అప్పుడు విప్పాలి. ఆ లోడు కోసమే ఇది, సగం డ్రమ్ము నీళ్లలో 1000 వాట్ల నీళ్లు కాచే రాడ్లు ఆరు, ఫేజుకి రెండు. డ్రమ్ముకి ఎర్త్ కొట్టాం. నీళ్లలో చెయ్యి పెట్టకండి. ముందు మూడు రాడ్లు, తర్వాత ఆరూ. సైలెన్సర్‌లోంచి నిప్పురవ్వలు ఎగరొచ్చు, దగ్గర్లో గడ్డివాము లేకుండా చూసుకోండి.

రెండు గంటలైంది. తెల్లపొగ పోయింది, సైలెన్సర్ మూతి పొడిగా ఉంది. నెలకోసారి ఒక గంట ఏరేటర్లన్నీ దీని మీదే తిప్పమని బాబాయికి చెప్పాను. ఆయన మాత్రం డ్రమ్ము వైపే చూస్తున్నారు.

"నీళ్లు కాయడానికేటి, ఇంత డీజిలు తగలేశావు?"

అవును బాబాయ్, ఐదు లీటర్లు. బిల్లులో రాశాను.