పిల్ల దొరికిన చోటే తల్లికి తెలిసిన చిరునామా

అందరికీ నమస్కారం. అడవి అంచు ఊళ్ల రైతులు, చెరకు నరికే ముఠాల మేస్త్రీలు, బేస్ క్యాంపు వాచర్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం అరుదు. అందుకే నేరుగా విషయానికి వస్తాను: పొలంలో చిరుత కూనలు దొరికితే ఏం చేయాలి?

చెరకు నరుకుతున్నారు. ఉదయం పది దాటింది. రెండు సాళ్ల అవతల ఎండాకు కింద ఏదో కదిలింది. ఆకు తీసి చూస్తే జానెడు దాటిన రెండు కూనలు, బూడిదరంగు ఉన్నిలాంటి బొచ్చు, తెరిచీ తెరవని కళ్లు. తల్లి జాడ లేదు. అప్పుడు అందరి నోటా వచ్చేది ఒకటే మాట: "పాపం, తప్పిపోయినట్టున్నాయి." చాలాసార్లు ఆ మాటే తప్పు. తల్లి వాటిని అక్కడ పడుకోబెట్టి వేటకు పోయింది. లేదా మనుషుల అలికిడికి వాగు గట్టు పొదల్లోకి జరిగి, ఎప్పుడు చీకటి పడుతుందా అని కాచుకుని ఉంది. మనం ఎత్తుకుని ఊళ్లోకి తెచ్చినప్పుడే అవి నిజంగా తప్పిపోతాయి.

చిరుత ఒక్కో ఈతలో మామూలుగా రెండు మూడు పిల్లల్ని కంటుంది. పుట్టినప్పుడు ఒక్కోటి అరకిలోకు అటూఇటూ ఉంటుంది. కళ్లు తెరవడానికి వారం, పది రోజులు పడుతుంది. పిల్లల్ని వదిలి తల్లి గంటలకొద్దీ, ఒక్కోసారి ఒక పగలూ రాత్రీ దాటి కూడా వేటలో ఉంటుంది. కాబట్టి పొద్దున చూశాం, మధ్యాహ్నం దాకా తల్లి రాలేదు అన్నది దేనికీ రుజువు కాదు. పగలు, ఇంతమంది నిలబడి ఉండగా, అది రానే రాదు.

ముందు ఆ కూనలు ఏమిటో చూసుకోండి. చిరుత పిల్లలంటూ ఫోన్లు వస్తాయి, తీరా చూస్తే కొన్నిసార్లు అవి అడవిపిల్లి కూనలే. అడవిపిల్లి చెవులు నిక్కబొడుచుకుని ఎత్తుగా ఉంటాయి, తోక పొట్టి, కొసన నల్ల పట్టీలు. కూనకు ఒంటిమీద సన్నని చారలుంటాయి. చిరుత కూనకు చెవులు గుండ్రన, తోక పొడుగు, ఒళ్లంతా దగ్గర దగ్గరగా మచ్చలు. ఏదైనా సరే, చేయాల్సింది మాత్రం ఒకటే.

పని ఆపండి. కూనల్ని ముట్టుకోకుండా ఆ సాలు మొదట్లో ఒక కర్ర పాతి దానికి గుడ్డ కట్టండి. ఫోన్లో లొకేషన్ తీసి మీ ప్రాంతపు అటవీ ఉద్యోగి అయిన బీట్ ఆఫీసరుకు పంపండి. కుక్కల్ని కట్టేయించండి. జనాన్ని కనీసం రెండు వందల మీటర్లు వెనక్కి పంపండి. తోట చుట్టూ మాత్రం నిలబడకండి, తల్లికి ఒక పక్క దారి వదలాలి. చుట్టుముడితే భయపడిన తల్లి మనిషి మీదికి దూకుతుంది, అప్పుడు దాన్నీ పోగొట్టుకుంటాం. సెల్ఫీల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చిరుతను, దాని కూనల్ని పట్టి ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా అప్పటికే చేతుల్లోకి తీసుకుని ఉంటే 48 గంటల్లోగా అటవీ అధికారికో, పోలీసు స్టేషనుకో తెలపాలని అదే చట్టం చెబుతుంది. కానీ కూన విషయంలో 48 గంటలు చాలా ఎక్కువ. మొదటి రాత్రిని వదులుకోకూడదు.

ఎక్కువ ప్రాణాలు పోయేది ప్రేమతోనే. ఆకలేస్తోందని గేదెపాలు పడతారు. ఆ పాలు కూనకు పడవు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది. పసిబిడ్డను పట్టినట్టు వెల్లకిలా పట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేస్తుంది. ఒళ్లు చల్లబడ్డ కూనకు పాలు అసలే పట్టకూడదు, అరగవు. ముందు వెచ్చబడాలి. ఎవరైనా అప్పటికే ఎత్తి తెచ్చి ఉంటే, లీటరు సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, కూన ఉన్న పెట్టెలో ఒక పక్కనే పెట్టండి. వేడెక్కువైతే కూన ఇవతలికి జరగడానికి చోటుండాలి. మీరు చేయదగ్గది అంతవరకే. పాలు పట్టడం పశువైద్యుడి పని. బోర్లా ఉంచి పడతారు, తర్వాత తడి దూదితో తోక కింద మెల్లగా తుడుస్తారు. తల్లి నాకితే తప్ప పసికూన మూత్రం పోయదు మరి.

సాయంత్రం జరిగే పనిలో ఓపిక కావాలి. మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ చెరకు పొలాల్లో అటవీశాఖ, మాణిక్‌దోహ్ చిరుతల కేంద్రం వైద్యులు ఏళ్ల తరబడి ఈ పద్ధతిలోనే కూనల్ని తల్లులకు చేరుస్తున్నారు. అటవీ సిబ్బంది తీసుకెళ్లిన కూనలకు వైద్యుడు గోమార్లు, పిడుదులు తీసి, గాయాలున్నాయేమో చూసి, తర్వాత గుర్తుపట్టడానికి చర్మం కింద మైక్రోచిప్ పెడతారు. పొద్దు గూకే వేళకు కర్ర పాతిన ఆ చోటికే, సరిగ్గా ఆ సాలుకే, కూనల్ని తెస్తారు. టమాటా ట్రే లాంటి ప్లాస్టిక్ పెట్టెలో అక్కడి ఎండాకే పరిచి కూనల్ని ఉంచుతారు. పెట్టె ఎందుకంటే, కూన పాక్కుంటూ పోయి కాలవలో పడకుండా, నక్కలకు, కుక్కలకు దొరకకుండా. మూత బిగించకూడదు. తల్లి పంజాతో నెడితే పెట్టె ఒరిగిపోవాలి. మూడు నాలుగు మీటర్ల దూరంలో మోకాలెత్తున, వెలుగు కనబడని కెమెరా ట్రాపులు (కదలిక తగిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) రెండు కడతారు. ఆ తర్వాత అందరూ వెళ్లిపోవాలి. టార్చిలు, బీడీలు, ఫోన్ల మోతలు ఉండకూడదు.

తల్లి వచ్చాక వెంటనే పెట్టె దగ్గరికి రాదు. చుట్టూ తిరిగి వాసన చూస్తుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. చివరికి పెట్టెను ఒరగదోసి, ఒక కూనను మెడ దగ్గర నోట కరుచుకుని పోతుంది. రెండోదానికి మళ్లీ వస్తుంది. ఆ విరామం పావుగంట కావచ్చు, తెల్లవారుజాము దాకా కావచ్చు. ఒకటి మిగిలిపోయిందని అర్ధరాత్రి దాన్ని తీసేసుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న మాట కూడా వదిలేయండి. డాక్టరు చేతుల్లోంచి వచ్చిన కూనల్నే తల్లులు తీసుకుపోతున్నాయి. మొదటి రాత్రి రాకపోతే పొద్దున్నే కూనల్ని తెచ్చి వెచ్చబెట్టి, వైద్యుడితో పాలు పట్టించి, రెండో రాత్రీ మూడో రాత్రీ అదే చోట పెట్టాలి.

అన్నిసార్లూ కుదరదు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పెద్దపులి కూనలు దొరికాయి. టి-108 అని నంబరున్న తల్లిపులి కోసం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం సిబ్బంది కెమెరాలు పెట్టి, పాదముద్రలు పట్టుకుని నల్లమలలో రోజుల తరబడి గాలించారు. తల్లీపిల్లలు కలవలేదు. నాలుగింటినీ తిరుపతి శ్రీవేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలించారు. తల్లి చేయి దాటిన పులికూనను తిరిగి అడవిలో వదలడం ఎంత కష్టమో చూడండి. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమాల ప్రకారం కనీసం రెండేళ్లు అడవిలోనే కంచె వేసిన ఆవరణలో పెంచాలి, ఒక్కోటి కనీసం 50 జంతువుల్ని సొంతంగా వేటాడి ఉండాలి. తల్లి ఆ చదువు రోజూ పక్కన నడిపిస్తూ నేర్పుతుంది. మనం ఏం పెట్టి నేర్పగలం?

జింకల మాట కొంచెం. నారాయణపేట, మహబూబ్‌నగర్ వైపు పొలాల్లో కృష్ణజింక పిల్ల గడ్డిలో చెవులు వాల్చి, కదలకుండా నేలకు అతుక్కుని కనిపిస్తుంది. జబ్బు చేయలేదు, దాక్కోవడమే దాని బతుకు తెలివి. తల్లి దూరంగా మేస్తూ పగలంతా కలిపి కొద్దిసార్లే పాలివ్వడానికి వస్తుంది. చూసినవారు చూసినట్టే వెనక్కి పోవాలి. ఎవరైనా ఇంటికి తెచ్చి ఉంటే చీకటిపడే లోపు అదే చోట దింపాలి.

ఇక తెల్లారాక. పెట్టె ఖాళీగా కనబడిందని సంబరంగా తోటలోకి పరుగెత్తకండి. ముందు కెమెరా కార్డు చూడాలి. ఎన్ని కూనలు పెట్టాం, తల్లి ఎన్నిసార్లు నోట కరుచుకుని పోయింది, రెండు లెక్కలూ కలవాలి. కలిశాక కూడా ఆ రోజు నరుకుడు వద్దు, కొత్త చోటు ఆ పక్క సాళ్లలోనే ఉండొచ్చు. మర్నాడు మొదలుపెట్టేటప్పుడు ఊరి వైపు నుంచి నరుక్కుంటూ పోండి, వాగు వైపు చివరి నాలుగు సాళ్లూ ఆ రాత్రికి అలాగే ఉంచండి.