జీతగాడిగా మొదలైన ఇండిగో

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి నమస్కారం. అందరి పేర్లూ బిరుదులతో సహా రాసిచ్చారు. అవి చదివితే నా టైము అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

"చదువుకుంటూనే ఫౌండర్ కావడం ఎలా" అన్నది నాకిచ్చిన టాపిక్. ఇరవై ఏళ్ళకే కంపెనీ పెట్టకపోతే బతుకు దండగ అన్నట్టు మీకు నూరిపోస్తున్నారే, అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని ఇండిగో విమాన సంస్థని పెట్టిన ఇద్దరిలో ఒకరైన రాకేశ్ గంగ్వాల్ గురించి చెబుతాను. ఆయన 1975లో ఐఐటీ కాన్పూర్ నుంచి బయటికొచ్చారు. ఇండిగో మొదటి విమానం ఎగిరింది 2006 ఆగస్టు 4న. మధ్యలో 31 ఏళ్ళు! అందులో ఎక్కువ భాగం ఉద్యోగమే. యునైటెడ్, ఎయిర్ ఫ్రాన్స్ విమాన సంస్థల్లో పనిచేసి, ఆ తర్వాత యూఎస్ ఎయిర్‌వేస్‌కి సీఈఓ అయ్యారు. జీతం తీసుకుంటూనే, విమానం డబ్బు ఎక్కడ తింటుందో చూశారు.

ఎక్కడ తింటుంది? నేల మీద. గన్నవరంలో దిగిన విమానాన్ని ఈసారి కాస్త గమనించండి. ఊడ్చేవాళ్ళు, సామాన్లు దింపేవాళ్ళు, ఆయిలు పట్టేవాళ్ళు, అందరికీ ఒకటే పరుగు. కదలకపోయినా అద్దె కట్టాల్సిందే మరి. ఇండిగో వాళ్ళు మెట్ల బదులు ర్యాంపు పెట్టింది అందుకే, జనం గబగబా ఎక్కి దిగుతారని. మొదట్లో అన్నీ ఎయిర్‌బస్ ఎ320లే. పైలట్లకు ఒకటే ట్రైనింగు, స్టోరులో ఒకే రకం స్పేర్లు.

అసలు కథ 2005 పారిస్ ఎయిర్ షోలో జరిగింది. ఒక్క టికెట్టూ అమ్మకముందే 100 విమానాలకు ఆర్డరిచ్చారు! అయితే ఎయిర్‌బస్‌కి గంగ్వాల్ కొత్త మనిషి కాదు. ఆయన పాత కంపెనీ యూఎస్ ఎయిర్‌వేస్ 1996లోనే 400 దాకా విమానాలకు వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. ఇండిగో ఏం చేసిందంటే, హోల్‌సేల్ బేరంలో కొన్న విమానాల్ని, విమానాలు అద్దెకిచ్చే లీజింగ్ కంపెనీకి అమ్మేసి, వాటినే మళ్ళీ అద్దెకు తెచ్చుకుంది. కామర్స్ పిల్లలు మీరు, ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ఇక్కడ మన ఊరి సంగతి ఎత్తకుండా ఉండలేను. ఎయిర్ కోస్టా అనే విమాన సంస్థ గుర్తుందా? మీరప్పటికి చిన్నపిల్లలు. హెడ్డాఫీసు విజయవాడే. 2013 అక్టోబర్‌లో బ్రెజిల్ తయారీ ఎంబ్రాయర్ విమానాలతో మొదలైంది. మా ట్రావెల్స్ కౌంటర్లో పెద్దాయనలు "మన బెజవాడ విమానంలోనే వెయ్యి బాబూ" అని పట్టుబట్టేవాళ్ళు. మరుసటి ఏడు సింగపూర్ ఎయిర్ షోలో 50 కొత్త విమానాలకు ఆర్డర్ కూడా ఇచ్చారు. 2017 ఫిబ్రవరి ఆఖరుకి అంతా ఆగిపోయింది. అద్దె పేచీలు, పెట్టుబడికి కటకట. మన వాళ్ళకి దమ్ము లేదంటే ఒప్పుకోను. అద్దె విమానంతో నష్టాల్ని ఓర్చుకోవాలంటే చేతిలో ఎంతుండాలో ముందే తెలిసినవాళ్ళు కావాలి. వాళ్ళు కాలేజీల్లో దొరకరు, ఏదో ఎయిర్‌లైన్లో జీతానికి పనిచేస్తుంటారు.

అవునూ, స్నేహితుడితో కలిసి కంపెనీ పెడదామనుకుంటున్న వాళ్ళు చేతులెత్తండి. అబ్బో! కాగితాలు రాసుకున్నారా? గంగ్వాల్‌కీ భాగస్వామి రాహుల్ భాటియాకీ 2019లో చెడింది. ఇండిగో వ్యవహారం కంటే కిళ్ళీకొట్టు నయంగా నడుస్తుందని, స్టాక్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీకి రాసిన ఉత్తరంలోనే గంగ్వాల్ అన్నారు. 2022లో బోర్డు నుంచి తప్పుకున్నారు. చేతులెత్తిన వాళ్ళు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, వాటాల అగ్రిమెంట్ ఎలా ఉంటుందో చూపిస్తాను. నమూనా తెచ్చాను.