"ఒంటబట్టదు, కాబట్టి సేఫ్" అన్నారు.. మరి పేగులో ఉన్న బ్యాక్టీరియా సంగతో?

ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటే వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాల్లో స్టెబిలైజర్లు, ఎమల్సిఫైయర్లు (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేవి) అని రాసి, పక్కన అంకెలు వేసి ఉంటాయి. 466 కనబడిందా? అది కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పొట్టిగా సీఎంసీ. 433 ఉంటే పాలిసార్బేట్ 80. ఈ రెండు అంకెల మీద గొడవ మీకు తెలిసిందే. "ప్యాకెట్లో వచ్చేదంతా విషమే" అనేవాళ్లు ఒకవైపు, "గవర్నమెంటు అనుమతి ఉంది, మాట్లాడకుండా తినండి" అనేవాళ్లు ఇంకోవైపు. ఇవాళ నా పేచీ రెండోవాళ్లతోనే. వాళ్లు ఎప్పుడూ తిప్పితిప్పి చెప్పేది ఒకటే: "సీఎంసీ అసలు ఒంటబట్టదండీ, తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది, ఇంక హాని ఎక్కడ?"

అక్కడే ఉంది హాని! ఒంటబట్టనిది మాయమైపోదు కదా, పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటోంది. దాన్ని వాటి మీద పోస్తే ఏమవుతుంది? అనుమతులు ఇచ్చిన రోజుల్లో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి నడిపే నిపుణుల కమిటీ జెక్ఫా అయితే సీఎంసీకి రోజుకింత అని హద్దే పెట్టలేదు. పాలిసార్బేట్లకి మాత్రం ఒంటి బరువు కిలోకి 25 మిల్లీగ్రాములని గీత గీసింది.

ఆ ప్రశ్న వేసిన శాస్త్రవేత్త ఆండ్రూ గెవర్ట్జ్. అమెరికాలో అట్లాంటా. ముందు ఎమరీ యూనివర్సిటీ, తర్వాత జార్జియా స్టేట్. ఆయన ఎమల్సిఫైయర్ల కోసం వెతుక్కుంటూ బయల్దేరలేదు, బ్యాక్టీరియా తోకతో మొదలుపెట్టాడు. ఈదడానికి వాడే ఆ తోక ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దాన్ని పట్టేసే రిసెప్టర్ టీఎల్ఆర్5. 2001లో ఆయన బృందం చూపించింది ఏంటంటే, పేగు గోడ కణాల్లో ఈ రిసెప్టర్ బ్యాక్టీరియా తిరిగే పైవైపున కాకుండా అడుగువైపున పనిచేస్తుంది. అంటే ఫ్లాజెల్లిన్ గోడ దాటి లోపలికొస్తేనే అలారం మోగుతుంది, లేకపోతే నిశ్శబ్దం. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! పైవైపున ఉండుంటే ఇరవై నాలుగు గంటలూ మోగుతూనే ఉండేది.

మరి ఆ అలారమే పీకేస్తే? టీఎల్ఆర్5 జీన్ తీసేసిన ఎలుకల్లో కొన్నిటికి పెద్దపేగు పుండ్లు పడి కొలైటిస్ వచ్చింది, అది 2007 పేపర్. కొలైటిస్ రానివి తిండి ఎక్కువ తిని లావెక్కాయి, షుగరు, కొవ్వు, బీపీ అన్నీ పెరిగాయి. మాతం విజయ్‌కుమార్ మొదటి రచయితగా 2010లో సైన్స్ జర్నల్లో వచ్చింది అది. వాటి పేగు బ్యాక్టీరియాని మామూలు జీన్లున్న, బ్యాక్టీరియా లేకుండా పెరిగిన ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ అవే లక్షణాల్లో చాలా వచ్చాయి.

ఇక్కడ మొదలైంది అసలు రచ్చ. 2011, 2012లో వేరే ల్యాబులు "మా టీఎల్ఆర్5 లేని ఎలుకలు దుక్కల్లా ఉన్నాయి, కొలైటిస్సూ లేదు, లావూ లేదు" అన్నాయి. బ్యాక్టీరియా తేడా జీన్ వల్ల వచ్చింది కాదు, తల్లి నుంచి పిల్లకి వంశంలో దిగింది అన్నారు. వాళ్ల పద్ధతి పక్కాగా ఉంది. ఎలుకలు ఒకదాని పెంట ఒకటి తింటాయి. జీన్ ఉన్నవాటిని ఒక కేజ్‌లో, లేనివాటిని ఇంకో కేజ్‌లో తరాల తరబడి పెంచితే ఏ కేజ్ బ్యాక్టీరియా ఆ కేజ్‌లోనే స్థిరపడిపోతుంది. అప్పుడు మీరు పోల్చేది జీన్లని కాదు, కేజ్‌లని! అందుకే జీన్ రెండు కాపీల్లో ఒకటే ఉన్న తల్లిదండ్రుల్ని జతకట్టించి, ఒకే కాన్పులో పుట్టిన ఉన్నవాటినీ లేనివాటినీ పోల్చాలి.

చాలామంది దీన్ని గెవర్ట్జ్ ఓటమి అన్నారు. నేను ఒప్పుకోను. నా లెక్కలో ఆయన కెరీర్లో అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే. అదే జీన్ పోయిన ఎలుక ఒక ఊళ్లో రోగిష్టి, ఇంకో ఊళ్లో ఆరోగ్యవంతురాలు! అంటే జీన్ ఒక్కటే రోగం తేలేదు, కేజ్, తిండి, నీళ్లు కూడా కలిసిరావాలి. అలాంటప్పుడు తర్వాత వేయాల్సిన ప్రశ్న ఏంటి? మన తిండిలో, నీళ్లలో కొత్తగా చేరిందేంటి? అదే 2015 నేచర్ పేపర్.

రాసింది గెవర్ట్జ్ ల్యాబ్‌లో పనిచేసిన బెన్వా షసేంగ్, గెవర్ట్జ్, ఇంకొందరు. ఎలుకలు తాగే నీళ్లలో 1 శాతం సీఎంసీ లేదా 1 శాతం పాలిసార్బేట్ 80, 12 వారాలు. పోలిక కోసం సోడియం సల్ఫైట్ అనే ప్రిజర్వేటివ్ ఇంకో గుంపుకి. సల్ఫైట్‌తో ఏమీ కాలేదు. ఎమల్సిఫైయర్ తాగిన మామూలు ఎలుకలకి పేగులో సన్నటి మంట (ఇన్‌ఫ్లమేషన్), కొవ్వు, షుగరు. టీఎల్ఆర్5 లేనివాటిలో, మంటని అదుపులో పెట్టే ఐఎల్-10 అనే ప్రోటీన్ లేనివాటిలో కొలైటిస్ బాగా పెరిగింది. బ్యాక్టీరియా అసలే లేని ఎలుకలకి ఇస్తే? ఏమీ కాలేదు! మళ్లీ చెప్తున్నా, ఏమీ కాలేదు. అదే మందు, అదే మోతాదు. బ్యాక్టీరియా ఉంటే రోగం, లేకపోతే లేదు. "ఒంటబట్టదు" అనే వాదన ఆ రోజే కూలిపోయింది.

ఇంతకీ లోపల జరిగిందేంటి? పేగు గోడకీ బ్యాక్టీరియాకీ మధ్య ప్రహరీగోడలా ఒక జిగురు పొర ఉంటుంది. ఎమల్సిఫైయర్ తాగిన ఎలుకల్లో బ్యాక్టీరియా ఆ పొరలోకి చొరబడి గోడకి సగం దూరం కంటే దగ్గరికి వచ్చేశాయి. దీన్ని చూడటం అంత సులువు కాదు. పేగు ముక్కని మామూలుగా ఫార్మలిన్‌లో వేస్తే అందులోని నీటికి జిగురు కుంచించుకుపోయి పొర కనబడదు. కడిగినా పోతుంది. అందుకే లోపలున్న పెంటతో సహా పేగు ముక్కని నీటి చుక్క లేని మెథాకార్న్‌లో వేయాలి. 60 పాళ్లు మిథనాల్, 30 క్లోరోఫాం, 10 గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, కనీసం 3 గంటలు. తర్వాత కోతలు కోసి, జిగురుకి ఒక రంగు, బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకి ఇంకో రంగు పట్టించి, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద మైక్రాన్లలో దూరం కొలవాలి. పాత సేఫ్టీ పరీక్షల్లో ఈ కొలతే లేదు. కొలవనిది ఎలా కనబడుతుంది?

ఇంకో విషయం తెలుసా? పాలిసార్బేట్ 80ని ల్యాబుల్లో ట్వీన్ 80 అంటారు. డిటర్జెంటు! దాని చెల్లెలు ట్వీన్ 20ని 0.1 శాతం కలిపి, పెంటని గిలక్కొట్టి, అందులోంచి మంటకి గుర్తైన లిపోకాలిన్-2 ప్రోటీన్‌ని లాగుతారు.

"అంత మోతాదు ఎవడు తింటాడు?" అంటారు. సరే, లెక్క వేద్దాం. పాలిసార్బేట్ 80 మోతాదు 0.1 శాతానికి దించినా ఎలుకల్లో ప్రభావం కనబడింది. 25 గ్రాముల ఎలుక రోజుకి సుమారు 5 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే 5 మిల్లీగ్రాములు, కిలోకి 200. మందుల పరీక్షల్లో ఎలుక మోతాదుని మనిషికి మార్చడానికి సుమారు 12తో భాగిస్తారు. వచ్చేది 16 లేదా 17. హద్దు ఎంత? 25. హద్దు లోపలే ఉందండీ!

మనుషుల మీద చేయలేదా అంటే, చేశారు, 2022లో వచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 16 మంది ఆరోగ్యవంతుల్ని ఉంచి, ఇలాంటి యాడిటివ్స్ ఏవీ కలపని భోజనం పెట్టి, అందులో 7 మందికి రోజుకి 15 గ్రాముల సీఎంసీ, 11 రోజులు. తిన్నాక పొట్టలో ఇబ్బంది కాస్త పెరిగింది. పేగుకి మేలు చేసే షార్ట్ చెయిన్ ఫ్యాటీ యాసిడ్లు తగ్గాయి. ఇద్దరిలో బ్యాక్టీరియా జిగురు పొరలోకి వచ్చేశాయి. మంట గుర్తులు మాత్రం ఆ 11 రోజుల్లో పెరగలేదు. మంది తక్కువ, రోజులు తక్కువ, మోతాదు ఎక్కువ, నిజమే. నేను అడిగేది ఒక్కటే. 7 మందిలో ఇద్దరికే ఎందుకు? అదే తిండి, అదే మోతాదు. నా అనుమానం వాళ్ల పేగులో ముందునుంచీ ఉన్న బ్యాక్టీరియా మీదే. కేజ్ కథే మళ్లీ!

గెవర్ట్జ్ ల్యాబ్‌లోనే, పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ పట్టని ఎలుకల గుంపు ఒకటి దొరికింది. కారణం వెతికితే జీన్ కాదు, ఎస్‌ఎఫ్‌బీ అనే పేగు బ్యాక్టీరియా. 2019లో సెల్ జర్నల్లో వచ్చింది. ఇక్కడ మన సంగతి గుర్తొస్తుంది. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకా చుక్కల్ని 2016లో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటా చుక్కలు ఏ కంపెనీవైనా పేద దేశాల పిల్లల్లో ధనిక దేశాల్లో పనిచేసినంతగా పనిచేయవు. దీనికి చాలా కారణాలు చెప్తారు, నేనైతే మొదటి చూపు పేగు బ్యాక్టీరియా మీదే వేస్తాను.

ఇక లేబుల్ సంగతి. అన్ని ఎమల్సిఫైయర్లూ ఒక్కటి కాదు. షసేంగ్, గెవర్ట్జ్ 2021లో 20 రకాల్ని మనిషి పేగు బ్యాక్టీరియాతో చిన్న రియాక్టర్లలో పరీక్షించారు. లెసిథిన్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, లేబుల్ మీద అది 322. క్యారాజీనన్, అంటే 407, ఇంకా గమ్‌లు గట్టిగా దెబ్బకొట్టాయి. కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బులు ఉన్నవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది 466, 433, 407. ఇప్పుడు ఆ డబ్బా మీద ఏ అంకెలున్నాయో చదివి కింద కామెంట్లో పెట్టండి. ఐస్‌క్రీమ్ పేరు అక్కర్లేదు, అంకెలు చాలు.